సెట్టింగ్ పోయింది సరే, పెద్దాయన మీద పడిన మాట సంగతేంటి?

ఆదోని నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దని కోరారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి సారాంశం చెబుతాను.

ఆమె కర్నూలులో బీటెక్ చదివి, పెళ్లయ్యాక ఆదోని వచ్చారు. అత్తగారి వాళ్లకు వేబ్రిడ్జి, అంటే బండ్లను లోడుతో సహా తూచే కాటా, ఉంది. పత్తి సీజన్లో రాత్రీ పగలూ బండ్లు కాటా ఎక్కుతూనే ఉంటాయి. పాత సాఫ్ట్‌వేర్‌కు ఏటేటా డబ్బు కట్టడం ఎందుకని, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో విండోస్ ఫారమ్స్‌తో ఆమే ఒక ప్రోగ్రామ్ రాశారు. కాటా బరువును అంకెల్లో చూపించే ఇండికేటర్ నుంచి తూకం తీసుకుని, బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు చీటీ మీద ప్రింట్ చేస్తుంది. మామగారు తెలిసినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయారట.

అయితే ఆమె మార్పులు చేసి కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ సెట్టింగులన్నీ మొదటికి వస్తున్నాయి. ఇండికేటర్ కేబుల్ తగిలించే పోర్టు (కామ్ పోర్టు) నంబరు, ప్రింటర్, అక్షరాల సైజు, కాటా రుసుము, అన్నీ. ‘అప్‌గ్రేడ్’ అనే మెథడ్‌ను (పాత వెర్షన్ విలువల్ని తెచ్చుకునే రెడీమేడ్ ఆదేశాన్ని) పిలవమని ఎవరో చెబితే పిలిచారు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పనిచేసింది, కాటా దగ్గర పనిచేయలేదు. కరెంటు పోయినప్పుడు ఆ రోజు మార్చినవి పోతున్నాయి. పగలు కాటా దగ్గర పనిచేసే అబ్బాయికి చిన్న అక్షరాలు, పొడవైన లిస్టు కావాలి. రాత్రి ఉండే పెద్దాయనకు చూపు తగ్గింది, పెద్ద అక్షరాలు కావాలి. షిఫ్టు మారినప్పుడల్లా ఒకరు పెట్టుకున్నది ఇంకొకరు మార్చుకుంటూ విసుక్కుంటున్నారు.

అసలు బాధ దీని తర్వాత వస్తుంది. ఒక సాయంత్రం ఆమె కొత్త వెర్షన్ పెట్టి ఇంటికి వచ్చేశారు. బండికి 70 రూపాయలుగా ఉన్న రుసుము, ఆమె కోడ్‌లో రాసుకున్న పాత 50కి వెళ్లిపోయింది. రాత్రి పెద్దాయన చీటీ మీద ఎంత పడిందో అంతే వసూలు చేశాడు. పొద్దున వచ్చిన అబ్బాయి, వెర్షన్ మారినప్పుడల్లా చేసినట్టే, అన్నీ సరిచేసుకుంటూ రుసుమును మళ్లీ 70 చేశాడు. మామగారు రిపోర్టు తీస్తే రాత్రి 38 బండ్లకు 2,660 రూపాయలు రావాలని చూపించింది. గల్లాలో 1,900 ఉన్నాయి. తగ్గిన 760 పెద్దాయన జీతంలో కోసేశారు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు, కానీ అప్పటి నుంచి వాళ్లింట్లో టీ తాగడం మానేశాడు. తర్వాత అనుమానం వచ్చి ఆమె ఆఫీసు కాపీల కట్ట విప్పి చూస్తే, ఆ రాత్రి చీటీలన్నిటి మీదా 50 అనే ఉంది.

ఈ సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. భర్త మాత్రం, ఏం జరిగిందో తెలియకుండానే, "నీకెందుకీ టెన్షన్, పాత సాఫ్ట్‌వేరే పెట్టిద్దాం" అంటున్నారు. సెట్టింగులు నిలిచేలా చేయడం ఎలా? పెద్దాయన సంగతి బయటపెట్టాలా, లేక ప్రోగ్రామ్ బాగుచేసి ఊరుకోవాలా? అసలు ఈ పని వదిలేయాలా? ఇవీ ఆమె అడిగినవి.

చూడమ్మా, మీరు మొదటి ప్రశ్నకు రెండు పేజీలు, రెండో ప్రశ్నకు నాలుగు వాక్యాలు రాశారు. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ నాలుగు వాక్యాలే అని నాకు అర్థమైంది. అయినా ముందు ప్రోగ్రామ్ సంగతే మాట్లాడతాను. ఏం జరిగిందో తడబడకుండా వివరించగలిగితే రేపు మామగారి ముందు మీ మాటకు బలం ఉంటుంది.

సెట్టింగులు ఎందుకు పోతున్నాయంటే, నిజానికి అవి ఎక్కడికీ పోలేదు. మీరు వాడుతున్న రెడీమేడ్ సెట్టింగ్స్ పద్ధతి, విలువల్ని యూజర్.కాన్ఫిగ్ అనే ఫైల్లో రాస్తుంది. ఆ ఫైలు మీ ప్రోగ్రామ్ పక్కన ఉండదు. విండోస్ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో కంపెనీ పేరు, దాని కింద ప్రోగ్రామ్ పేరుకు ఒక పొడవాటి హ్యాష్ (అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు) తగిలించిన ఫోల్డర్, దాని లోపల వెర్షన్ నంబరుతో ఇంకో ఫోల్డర్ ఉంటాయి. వెర్షన్ మారితే చివరి ఫోల్డర్ కొత్తది అవుతుంది. ప్రోగ్రామ్ అందులో వెతుకుతుంది, ఏమీ దొరకదు, మీరు కోడ్‌లో ముందే రాసి ఇచ్చిన విలువలు, అంటే డిఫాల్టులు, తీసుకుంటుంది. అప్‌గ్రేడ్ మెథడ్ చేసేది పక్కనున్న పాత వెర్షన్ ఫోల్డర్‌లోంచి విలువల్ని తెచ్చుకోవడమే.

మరి అది ఇంట్లో పనిచేసి కాటా దగ్గర ఎందుకు పనిచేయలేదు? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. "పాతది చెడిపోకుండా ప్రతిసారీ డెస్క్‌టాప్ మీద తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ చేసి అందులో పెడతాను" అని రాశారు. స్ట్రాంగ్ నేమ్ అనే డిజిటల్ సంతకం చేయని ప్రోగ్రామ్ అయితే, ఆ హ్యాష్ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉందో దాన్ని బట్టి తయారవుతుంది. చోటు మారితే హ్యాష్ మారుతుంది, అప్‌గ్రేడ్‌కు పక్కన పాత వెర్షన్ కనిపించదు. మీ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ ఎప్పుడూ ఒకే ఫోల్డర్ నుంచి నడుస్తుంది కాబట్టి అక్కడ దొరికింది. జాగ్రత్తగా ఉందామని చేసిన పనే ఇక్కడ అడ్డం తిరిగింది. కాటా కంప్యూటర్లో యాప్‌డేటా తెరిచి చూడండి, మీరు పెట్టిన ఫోల్డర్లకు తగ్గట్టు పాత యూజర్.కాన్ఫిగ్ ఫైళ్లు వరుసగా కనిపిస్తాయి. 70 అని రాసి ఉన్న ఫైలు కూడా అందులో ఉండాలి. దాన్ని చెరిపేయకండి.

కరెంటు సంగతి ఇంకా చిన్నది. మీరు ఫారమ్ (ప్రోగ్రామ్ విండో) మూసేటప్పుడు మాత్రమే సేవ్ చేస్తున్నారు. కరెంటు పోతే ఫారమ్ మూతపడే ఘట్టమే రాదు. సెట్టింగుల పేజీలో ‘సరే’ నొక్కగానే అప్పటికప్పుడు సేవ్ చేయండి. సొంతంగా ఫైలు రాసుకునేటట్టయితే, నేరుగా దాని మీదే రాయకుండా పక్కన తాత్కాలిక ఫైలుగా పూర్తిగా రాసి, ఆ తర్వాత పాతదాని స్థానంలో పెట్టండి. సీ షార్ప్ ప్రోగ్రామ్‌లు నడిచే డాట్‌నెట్‌లో ఫైల్ రీప్లేస్ అనేది ఆ పని చేస్తూ పాతదాన్ని బ్యాకప్‌గా కూడా ఉంచుతుంది. సగం రాసిన ఫైలుతో ప్రోగ్రామ్ అసలు తెరుచుకోకపోవడం అనేది, అర్ధరాత్రి కాటా మీద లోడు బండి నిలబడి ఉన్నప్పుడు పెద్దాయన ఒక్కడే ఎదుర్కోవాల్సిన ఇబ్బంది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది కొంచెం నిదానంగా చదవండి. ఎక్కడ దాచాలి అనే ప్రశ్నకు ముందు, ఇది ఎవరిది అనే ప్రశ్న ఉంది. ఇంట్లో దువ్వెన ఒక మనిషిది, బీరువా తాళం ఇల్లంతటిది. రెండూ ఒకే మేకుకు వేలాడదీస్తే తాళం పోతుంది. మీరు పోర్టు నంబరు, అక్షరాల సైజు, కాటా రుసుము మూడింటినీ ఒకే సెట్టింగ్స్ ఫైల్లో, ఒకే హోదాతో పెట్టారు. అందుకే అక్షరాల సైజు మారినంత తేలికగా రుసుము కూడా మారిపోయింది.

అక్షరాల సైజు, లిస్టులో కాలమ్‌ల వెడల్పు మనిషివి. పోర్టు నంబరు, బాడ్ రేటు (ఆ పోర్టులో డేటా వచ్చే వేగం), ప్రింటర్ పేరు ఆ కంప్యూటర్‌వి. పగలైనా రాత్రయినా, ఎవరు కూర్చున్నా అవే ఉండాలి. రుసుము మాత్రం సంస్థది. అది అసలు సెట్టింగ్ కానే కాదు, అది లెక్క. దాని చోటు తూకాల రికార్డులన్నీ ఉండే మీ డేటాబేస్. ఫలానా తేదీ, ఫలానా సమయం నుంచి బండికి ఇంత అని ఒక టేబుల్‌లో రాయండి, ఎవరు మార్చారో కూడా రాయండి. తూకం వేసిన ప్రతిసారీ ఆ క్షణాన ఉన్న రుసుమును ఆ తూకం రికార్డులోనే వేసేయండి. మీ రిపోర్టు ఇప్పుడు బండ్ల సంఖ్యను ఈరోజు రేటుతో గుణిస్తోంది. నిన్న జరిగినదాన్ని ఈరోజు సెట్టింగ్‌తో లెక్క కట్టినంత కాలం, సెట్టింగులు ఒక్కసారి కూడా పోకపోయినా ఇదే గొడవ మళ్లీ వస్తుంది. రేపు మామగారు నిజంగానే 80 చేశారనుకోండి, కిందటి నెల రిపోర్టు అంతా 80 లెక్కన మారిపోయి చూపిస్తుంది.

రుసుముకు కోడ్‌లో డిఫాల్టు ఉంచొద్దు. అక్షరాల సైజు దొరకకపోతే ఏదో ఒకటి తీసుకుని నడవడం మంచిదే, ఎవరికీ నష్టం లేదు. డబ్బుకు సంబంధించినది దొరకకపోతే ప్రోగ్రామ్ ఆగి, "రుసుము పెట్టలేదు" అని పెద్దగా చూపించి అడగాలి. ఆ రాత్రి అలా ఆగి ఉంటే పెద్దాయన మీకు ఫోన్ చేసేవాడు. విషయం అక్కడితో అయిపోయేది.

గుర్తుపెట్టుకోకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. మీ ప్రోగ్రామ్‌లో ఇండికేటర్ పనిచేయనప్పుడు తూకం చేత్తో కొట్టడానికి ఒక టిక్ ఉందని రాశారు. అది ఎప్పుడు తెరిచినా తీసేసి ఉండాలి, నిన్నటి టిక్ ఈరోజుకు రాకూడదు. అలాగే "రెండు కిలోల తేడా సర్దడానికి ఒక సెట్టింగ్ పెడదామా" అని అడిగారు. వద్దు. తూకం సర్దుబాటు తూనికలు కొలతల శాఖ సీలు వేసిన ఇండికేటర్‌కు సంబంధించిన పని. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం వేబ్రిడ్జికీ వర్తిస్తుంది. తేడా ఉంటే శాఖకు చెప్పి సరిచేయించుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి గడి ఉందంటేనే రైతుకు మీ కాటా మీద నమ్మకం పోతుంది.

ఇప్పుడు ఎక్కడ దాచాలన్నదానికి మీ ముందున్న దారులు చెబుతాను.

అన్నిటికంటే తక్కువ పనితో అయ్యేది, ఉన్న పద్ధతినే ఉంచి ప్రోగ్రామ్‌ను ఎప్పుడూ ఒకే ఫోల్డర్లో పెట్టడం. పాత వెర్షన్ కావాలంటే దాన్ని కాపీ చేసి వేరే చోట దాచుకోండి, నడిచేది మాత్రం అదే చోటు నుంచి నడవాలి. ‘అప్‌గ్రేడ్ కావాలి’ అని ఒక బూలియన్ సెట్టింగ్‌ను (నిజం, అబద్ధం అని రెండే విలువలు ఉండేదాన్ని) నిజం అనే డిఫాల్టుతో పెట్టి, అది నిజమైతే అప్‌గ్రేడ్ పిలిచి, దాన్ని అబద్ధం చేసి, సేవ్ చేయండి. కొత్త వెర్షన్‌కు ఒక్కసారే జరుగుతుంది. దీంతో వెర్షన్ల గొడవ తీరుతుంది. కానీ యూజర్.కాన్ఫిగ్ విండోస్ యూజర్‌కు ఒకటి. మీ కాటా దగ్గర ఇద్దరూ ఒకే లాగిన్ వాడుతున్నారు కాబట్టి అక్షరాల తగువు అలాగే ఉంటుంది.

ఇద్దరికీ వేర్వేరు విండోస్ లాగిన్‌లు ఇస్తే ఎవరి సెట్టింగులు వాళ్లకు వాటంతటవే వస్తాయి. వినడానికి బాగుంటుంది, కాటా దగ్గర మాత్రం చిక్కు. పగటి అబ్బాయి లాగాఫ్ చేయకుండా యూజర్‌ను మాత్రమే మార్చి వెళ్లిపోతే, అతని ప్రోగ్రామ్ వెనక నడుస్తూనే సీరియల్ పోర్టును పట్టుకుని ఉంటుంది. పెద్దాయన తెరిచిన ప్రోగ్రామ్‌కు తూకం రాదు. పైగా పోర్టు, ప్రింటర్ వివరాలు రెండుసార్లు పెట్టాలి. నేనైతే ఈ దారి పట్టను.

మూడోదానికి పని ఎక్కువ, నా మొగ్గు మాత్రం దాని వైపే. కంప్యూటర్‌కు సంబంధించినవాటిని, విండోస్ యూజర్లందరికీ ఉమ్మడిగా ఉండే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లో మీ సొంత చిన్న ఫైల్లో పెట్టండి. దాని దారిలో వెర్షన్ నంబరు ఉండదు, కాబట్టి వెర్షన్ మారినా కదలదు. ఆపరేటర్ల ఇష్టాలను డేటాబేస్‌లో ఆపరేటర్ పేరుతో పెట్టి, ప్రోగ్రామ్ తెరవగానే ఇద్దరి పేర్లతో రెండు పెద్ద బటన్లు చూపించండి. పెద్దాయన తన పేరు నొక్కగానే అక్షరాలు పెద్దవైపోవాలి. ఏ చీటీ ఎవరు వేశారో కూడా రికార్డులో పడుతుంది, అది ఇద్దరికీ రక్షణ. ఎప్పుడైనా కంప్యూటర్‌కు రెండో విండోస్ యూజర్ వస్తే మాత్రం, ప్రోగ్రామ్‌డేటాలో ఒకరు సృష్టించిన ఫైలును ఇంకొక మామూలు యూజర్ మార్చలేకపోవచ్చు. ఆ ఫోల్డర్ అనుమతులు ముందే ఇచ్చి పెట్టండి.

రిజిస్ట్రీ గురించి, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట పెట్టడం గురించి, అడిగారు. పనిచేస్తుంది, వెర్షన్ మారినా నిలుస్తుంది. కానీ కంప్యూటర్ పాడై కొత్తది కొన్నప్పుడు ఫైలైతే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవచ్చు, రిజిస్ట్రీలో ఉన్నవాటిని విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలని ఎవరికీ గుర్తుండదు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైలు) పక్కనే సెట్టింగుల ఫైలు పెట్టుకోవడం మాత్రం అసలు వద్దు. మామూలు యూజర్‌కు అక్కడ రాసే అనుమతి లేదు. పాత తరహా 32 బిట్ ప్రోగ్రామ్ అయితే విండోస్ ఆ రాతను చప్పుడు చేయకుండా వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. ఫైలు ఒకచోట ఉందనుకుని మీరు ఇంకోచోట వెతుక్కుంటూ ఉంటారు.

రెండో మానిటర్‌గా పెట్టిన టీవీ తీసేశాక విండో కనిపించకుండా పోయిందన్నారు కదా. సేవ్ చేసిన స్థానం ఇప్పుడున్న ఏదో ఒక స్క్రీన్ పరిధిలోకి వస్తుందో లేదో తెరిచేటప్పుడే చూసి, రాకపోతే మెయిన్ స్క్రీన్ మీదకు తెచ్చేయండి. మినిమైజ్ చేసి ఉన్నప్పుడు స్థానం సేవ్ చేస్తే మైనస్ 32000 లాంటి అంకెలు పడతాయి. అప్పుడు రిస్టోర్ బౌండ్స్, అంటే మినిమైజ్ కాకముందు విండో ఉన్న స్థానం, తీసుకోవాలి. యూఎస్‌బీ కేబుల్ ఇంకో సాకెట్‌లో పెడితే కామ్ పోర్టు నంబరు మారిపోవచ్చు, అందుకే తూకం రాకపోతే "పోర్టు దొరకలేదు, ఇవి ఉన్నాయి" అని లిస్టు చూపించండి. పెద్దాయన ఎంచుకోగలడు.

ఇక పెద్దాయన విషయం.

760ని 20తో భాగిస్తే 38. ఆ రాత్రి బండ్లు 38. ఒక మనిషి డబ్బు తీసుకుంటే లెక్క ఇంత ఖచ్చితంగా, బండికి ఇరవై చొప్పున రాదు. మామగారు వ్యాపారస్తులు, ఈ లెక్క కాగితం మీద వేసి ఆఫీసు కాపీలు పక్కన పెడితే ఆయనకు వివరించాల్సింది పెద్దగా మిగలదు. మీరు ఎలా చెప్పాలా అని భయపడుతున్నారు గానీ, చెప్పాల్సినదంతా కాగితాల మీద ఇప్పటికే ఉంది.

ఏమీ చెప్పకుండా ప్రోగ్రామ్ బాగుచేసి ఊరుకున్నారనుకుందాం. ఇక ముందు తేడా రాదు. అప్పుడు మామగారు ఏమనుకుంటారు? జీతం కోశాను కాబట్టి దారికొచ్చాడు అనుకుంటారు. మీరు సరిచేసిన ప్రోగ్రామే ఆ మనిషి దొంగతనానికి సాక్ష్యమైపోతుంది. ఈ దారి మీకు తేలిగ్గా కనిపించినా, నేను దీని పక్షాన ఒక్క మాట కూడా చెప్పలేను.

భర్తతో ముందు చెప్పి, ఆయన ద్వారా మామగారికి చెప్పించడం ఒక పద్ధతి. కోడలిగా మీకు ఇబ్బంది తగ్గుతుంది. కానీ మీ భర్త ఇప్పటికే పాత సాఫ్ట్‌వేర్ పెట్టిద్దాం అంటున్నారు. ఆయన నోట ఈ మాట "నేను ముందే చెప్పానుగా" అన్నట్టు వచ్చే అవకాశం ఉంది. అప్పుడు ఇంట్లో మాటంతా మీ ప్రోగ్రామ్ మీదకు మళ్లుతుంది, పెద్దాయన సంగతి పక్కకు పోతుంది. భర్తకు ముందు చెప్పండి, తప్పకుండా. మామగారి దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి, చీటీల కట్ట మాత్రం మీ చేతిలో ఉండాలి.

మామగారితో ఒంటరిగా మాట్లాడటమా, పెద్దాయన ముందే మాట్లాడటమా అంటే, మొదట ఒంటరిగానే మంచిదనుకుంటాను. తన దగ్గర పనిచేసే మనిషి ఎదుట హఠాత్తుగా తప్పు తేలితే కొందరు బిగుసుకుపోతారు. ఆయనకు ఆ కాసేపు వ్యవధి ఇవ్వండి. కానీ విషయం అక్కడే ఆగిపోకూడదు. వచ్చే నెల జీతంలో 760 కలిపి ఇచ్చేస్తే సరిపోతుందని మామగారు అనొచ్చు. డబ్బు తిరిగొస్తుంది, మాట తిరిగి రాదు. పగటి అబ్బాయికి కూడా ఈ సంగతి తెలుసు కాబట్టి, అతను ఉన్నప్పుడే "అది కంప్యూటర్ వల్ల జరిగింది, నీ తప్పు లేదు" అని మామగారే అనడం అవసరం. మామగారికి అలా అనడం కష్టమైతే, ఆ మాట మీరే అనండి. "పెద్దాయనా, ఆ రాత్రి చీటీ మీద 50 పడేలా నా ప్రోగ్రామ్ చేసింది" అంటే చాలు. పెద్దాయన వెంటనే మామూలుగా మాట్లాడతాడని నేను హామీ ఇవ్వలేను. ఆ పనికి కొంత కాలం పడుతుంది.

మామగారి కోపం మీ మీదకు మళ్లితే? మళ్లొచ్చు. "ఇంత చిన్న పని చూసుకోలేదా" అనొచ్చు. అప్పుడు మీ దగ్గర ఉండాల్సింది క్షమాపణ ఒక్కటే కాదు. రుసుము ఇకపై ఎక్కడ ఉంటుంది, ఎవరు మార్చగలరు, మారిస్తే ఎక్కడ తెలుస్తుంది అన్నవి తెర మీద చూపించండి. రుసుము మార్చే పాస్‌వర్డ్ ఆయన చేతికే ఇవ్వండి.

పాత సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోవడం కూడా తీసిపారేయాల్సిన ఆలోచన కాదు. ఏటా కట్టే డబ్బుకు, ఏదైనా జరిగితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. మీ ప్రోగ్రామ్‌కు ఆ మనిషి మీరే. రేపు మీరు ఊళ్లో లేకపోతే, లేదా మీకే ఒంట్లో బాగోకపోతే కాటా ఎవరు చూస్తారన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. కానీ ఆ నిర్ణయం పెద్దాయన సంగతి తేలిన తర్వాత తీసుకోండి. ఇప్పుడే ప్రోగ్రామ్ తీసేస్తే, దానితోపాటు ఏం జరిగిందన్నది కూడా ఎవరూ అడగని విషయమైపోతుంది.

పని వరుస గురించి ఒక మాట. సీజన్ మధ్యలో మూడో దారి మొత్తం కట్టడానికి పూనుకోకండి. ఈ వారం మూడు పనులు చాలు: ప్రోగ్రామ్ ఒకే ఫోల్డర్‌లో స్థిరపడటం, రుసుము డేటాబేస్‌లోకి, ప్రతి తూకం రికార్డులోకి వెళ్లడం, సెట్టింగ్ మార్చగానే సేవ్ కావడం. కొత్త వెర్షన్‌ను సాయంత్రం పూట పెట్టకండి. పొద్దున, మీరు అక్కడే ఉండగా పెట్టి, ఖాళీ బండి ఒకటి కాటా ఎక్కించి చీటీ తీసి, రుసుము చూసి, కంప్యూటర్ ప్లగ్ ఒకసారి పీకి మళ్లీ పెట్టి చూడండి. ఆపరేటర్ల పేర్ల బటన్లు, అక్షరాల సైజులు పత్తి రాక తగ్గాక చేసుకోవచ్చు. అంతవరకు పెద్ద అక్షరాలనే డిఫాల్టుగా ఉంచండి, పగటి అబ్బాయి సర్దుకుంటాడు.